ఎడమ చెవి

ముప్పై ఒక్క ఏళ్ళు ఓడల పొట్టలో దూరి తుప్పు కొట్టాను.
ఒంటికి పట్టిన తుప్పు సబ్బుతో పోయేది.
చప్పుడు మాత్రం ఎడమ చెవిలో ఉండిపోయింది,
అద్దె కట్టకుండా ఖాళీ చెయ్యని మనిషిలా.

అందుకే రాత్రుళ్ళు కుడి చెవి తలగడకి నొక్కి పడుకుంటాను.
మల్కాపురం మొత్తం ఒక్కసారి ఆరిపోతుంది.
లారీలు, కుక్కలు, పక్కింటి టీవీ, సలోమి, అన్నీ.
ఇంత నిశ్శబ్దం డబ్బున్నవాళ్ళక్కూడా దొరకదు.

గురువారం నించీ తెల్లారి నాలుగింటికే లేస్తున్నాను.
ప్రభువుని అడగాల్సిన ముక్క ఒకటుంది.
మంచం కోడు పట్టుకుని మోకాళ్ళూనతాను.
"చెప్పు తండ్రీ, ఆ కాగితం మీద సంతకం పెట్టనా, మాననా?"
ఏ కాగితమో ఆయనకి తెలుసు గనక
వివరం చెప్పను.

ఆయన బదులిచ్చేలోగా
పాల స్కూటరు. కొళాయి వచ్చిందని వీధంతా బిందెలు.
ఫోను టింగుమంటుంది. ప్రార్థన గుంపులో
ఎవరో లిల్లీపూల బొమ్మ పెట్టారు, కింద నలభై ఆమెన్లు.
నేనూ ఒకటి పెడతాను. పెట్టకపోతే బావుండదు.
నా తర్వాత పెట్టినవాడి పేరు చూడగానే వాడి బాకీ గుర్తొచ్చి
వడ్డీ లెక్క వేస్తూండగా
నేవీ విమానం పైకప్పు గీరుకుంటూ పోతుంది.
లేచి మోకాళ్ళు దులుపుకుంటాను.
ఈ ఊళ్ళో దేవుడు మాట్లాడినా వినబడి చావదు అనుకుంటాను,
వినబడనందుకు లోపలెక్కడో కాస్త హాయిగా.

ఆదివారం మందిరంలో కొత్త కీబోర్డు, నాలుగు స్పీకర్లు.
నిమ్మళంగా ఉంటేనే ఆయన స్వరం వినపడుతుందని
ఆశీర్వాదం అయ్యగారు మైకులో అరిచి చెప్పారు.
సాయంత్రం యారాడ వెళ్ళి ఇసకలో కూర్చున్నాను.
మనుషులెవరూ లేరు. సముద్రం ఒక్కటే మాట్లాడుతోంది.
అది నాతో కాదు.

సోమవారం యార్డు ఆసుపత్రిలో చెవుల పరీక్ష.
గాజు కిటికీ ఉన్న చిన్న గది, చెవులకి డిప్పలు, చేతిలో బటన్.
"శబ్దం వస్తే నొక్కండి అంకుల్, రాకపోతే ఊరుకోండి."
ఎంతపాటి పని!
నొక్కాను. మళ్ళీ నొక్కాను.
నా గుండె కొట్టుకున్నా నొక్కాను,
బయట కుర్చీ జరిగిందనుకుని కూడా నొక్కాను.
ఆ పిల్ల తలుపు తీసి నవ్వింది.
"నేనింకా ఏమీ పంపలేదు అంకుల్.
మీకు రావాలనిపించినప్పుడల్లా నొక్కేస్తున్నారు."

సింధియా దగ్గర బస్సు అరగంట ఆగింది.
అందరూ డ్రైవర్ని తిట్టారు. నేను తిట్టలేదు.

ఇంట్లో సలోమి కవళ్ళు తోముతోంది, నా ఎడమ పక్కన.
పెదాలు కదులుతున్నాయి.
రోజూలాగే "ఆఁ, ఆఁ" అనబోయి
ఎందుకో తల తిప్పాను.

"ఆ పైడిరాజు కన్ను ఎలాగుందీ అంటన్నాను.
గురువారం కాడ్నించీ అడుగుతన్నాను. రాయితో మాటాడినట్టే."

గురువారం కాడ్నించీ.
ఆమె మణికట్టు మీద పొలుసు ఒకటి అంటుకుని మెరుస్తోంది.
నాలుగు తెల్లవారుజాములు నేను పైకప్పు వైపు చెవి పెట్టుంటే
నా ఎడమ పక్కనే కూర్చుని అడుగుతూనే ఉంది.
ఉంది అంటున్నాను.
ఉన్నాడు అనడానికి నాకింకా ధైర్యం చాలదు.

కాగితంలో ఉన్నది ఇదీ:
పైడిరాజు కళ్ళద్దాలు పెట్టుకోకుండా గ్రైండరు పట్టాడు.
స్టోర్సులో కళ్ళద్దాలు లేవు. మూడు నెలలుగా లేవు.
అడగడానికి వాడితో కూడా వెళ్ళింది నేనే.

అన్నం వడ్డిస్తానన్నా ఆగకుండా బస్సెక్కాను.
వాల్తేరు కంటాసుపత్రి, మూడో మంచం, సగం మొహానికి కట్టు.
నన్ను చూసి వాడు లేవబోయాడు.
ఏదో అడిగాడు, చాలా చిన్నగా.
పైన ఫ్యాను గరగర, ఎవరిదో పసిబిడ్డ ఏడుపు,
నూనె ఎరగని ట్రాలీ చక్రం,
జేబులో నా ఫోను టింగు, టింగు.

స్టూలు అటు జరుపుకుని
కుడి చెవి వాడి నోటి దగ్గర పెట్టాను.
"మళ్ళీ చెప్పు" అన్నాను.