అర పిడికెడు

శనివారం పొద్దున్నే వెదురుబుట్ట వీపున కట్టుకుని
మా వీధిలో పదిహేడిళ్లూ తిరుగుతాను.
పూటపూటకీ బియ్యం ఎసట్లో పోసేముందు
దేవుడికని తీసి డబ్బాలో వేసిన పిడికెళ్లు
వారానికి ఎన్నయ్యాయో లెక్కగట్టను.
కొత్తవీ ముక్కినవీ, దొడ్డువీ నూకలూ
అన్నీ ఆ ఒక్క బుట్టలోనే పడతాయి.
బుట్టకి తేడా తెలీదు.
నాకు తెలుస్తుంది గానీ నోరు మెదపను.

చిట్టచివరిది రోచింగి పెద్దమ్మ ఇల్లు.
ఐజాల్ వెళ్లే రోడ్డు మలుపులో ఆమెకో వెదురు పందిరి.
పోడులో పండిన అల్లం, ఆవాకు కట్టలు, గుమ్మడికాయలు,
అట్టముక్క మీద బొగ్గుతో రాసిన ధరలు.
అమ్మే మనిషి ఉండదు.
తాళం లేని రేకు డబ్బా ఒకటుంటుంది.
కొన్నవాళ్లే డబ్బులు వేసి, చిల్లర వాళ్లే ఏరుకుంటారు.
మా కొండల్లో ఇది వింతేమీ కాదు.

ఆ వారం డబ్బా తేలికైంది.
మూడు గుమ్మడికాయలు పోయాయి, మూడు రూపాయలైనా పడలేదు.
మర్నాడు అల్లం.
ఆ మర్నాడు, ఉన్న చిల్లర కూడా.

"ఆదివారం నా పక్కనే కూచుంటాడేమో వాడు,
నా పాటల పుస్తకంలోకే తొంగిచూసి పాడతాడేమో"
అంటూ ఎదురైన ప్రతి మొహాన్నీ చూపుతో తడిమింది.
బజారుకెళ్లి తాళం కొనుక్కొచ్చింది.

తాళం తన పని తాను చక్కగా చేసింది.
మంచు విడవకముందే వచ్చిన లారీ డ్రైవరు
వంద కాగితం పట్టుకుని కాసేపు నిలబడి,
చిల్లర తీసుకునే దారిలేక
ఆవాకు కట్ట ఉన్నచోటే పెట్టి వెళ్లిపోయాడు.
పంతులమ్మ జోథాన్‌పారి నాతో అంది కదా:
"ఆ తాళం చూడగానే, నేనే ఏదో దొంగిలించినట్టు
సిగ్గేసిందక్కా."

ఆ శనివారం పెద్దమ్మ డబ్బా తెరిచాను.
బియ్యం అడుగునైనా సరిగ్గా కప్పలేదు.
ఆమె పొయ్యి వైపు తిరిగి మాట్లాడింది.
"ఈ వారమంతా నాకూ దేవుడికీ మాటల్లేవు.
పిడికిలి నిండా తీద్దామంటే వేళ్లు ఒప్పుకోలేదు.
అలవాటుకొద్దీ అర పిడికెడు. అదీ కోపంగా.
ఇది ఆయన లెక్కలోకి వస్తుందా?"

నేను పాస్టరుని కాను, బియ్యం మోసేదాన్ని.
నాకు తెలిసింది ఒకటే చెప్పాను.

నా మొగుడు ఆసుపత్రిలో పడున్న ఏడాది
మూడు వారాలు మా ఇంటి డబ్బాలో గింజ లేదు.
నాకు ముందు ఈ బుట్ట మోసిన కాప్‌థాంగి అవ్వ
ఆ ఖాళీ డబ్బానే బుట్ట మీద వంచింది,
అడుగు మీద టకటకా రెండు తట్లు తట్టింది,
అందరిళ్లలో తట్టినట్టే.
"వచ్చే వారం వస్తా" అని మెట్లు దిగింది.
ఆ మాట కోసమే
వచ్చే వారం దాకా బతికాను.

పెద్దమ్మ ఏమీ అనలేదు.
నేను డబ్బా వంచాను. రెండు తట్లు.
కోపంతో తీసిన గింజలు
మిగతా గింజల మీద అదే చప్పుడుతో రాలాయి.

గురువారం ఆ దారినే వెళ్తూ చూశాను.
తాళం ఆమె పందుల దొడ్డి తలుపుకి వేలాడుతోంది.
పందిరిలో కొత్త అట్టముక్క, బొగ్గు రాత:
ఆకలైతే ఊరికే తీసుకోండి.
చిల్లర మాత్రం ఉంచండి, వెనక వచ్చేవాళ్లకి కావాలి.

ఎవరు తీశారో ఇప్పటికీ తెలీదు.
డబ్బా ఇప్పటికీ ఒక్కోరోజు తేలికే.
ఆమె పిడికిలీ అంతే,
ఒక వారం నిండుగా, ఒక వారం వెలితిగా.

నీ సంగతేమిటి అంటారా?
నిన్న రాత్రి నేను తీయడమే మరిచిపోయాను.
అన్నం ఉడికాక గుర్తొచ్చింది.
ఇవాళ రెండు పిడికెళ్లు వేద్దామనుకుని
మళ్లీ ఒకటే వేశాను.

బుట్ట తాడు బిగించాలి. వాన మొదలయ్యేలా ఉంది.
ఇంకా పదహారిళ్లు ఉన్నాయి.