అందించేదాన్ని

ట్రియెస్టె రేవు మీద బోరా గాలి లేచిందంటే
మా నాటకశాల తలుపు ముగ్గురు తోస్తే గానీ మూతపడదు.
ఆ రోజూ జనం వచ్చారు,
టోపీలు నెత్తికి నొక్కిపట్టుకుని,
తడిసిన ఉన్ని వాసనా చేపల వాసనా మోసుకుంటూ.

నేను వేదిక కింద గుంటలో ఉంటాను.
నిమ్మకాయంత బల్బు. ఒళ్ళో పుస్తకం.
పాదాల కింద గుడ్డలో చుట్టిన వేడి ఇటుక.
నాకు కనిపించేవి బూట్లు.
పందొమ్మిదేళ్ళుగా మనుషుల్ని మడమలతోనే పోల్చుకుంటున్నాను.
నా పేరు నెరీనా. కరపత్రంలో ఉండదు.
మాట మరిచినవాళ్ళకి మాట అందించేదాన్ని.

నాటకం పాతదే.
ఇష్టంలేని పెళ్ళి తప్పించుకున్న లవీనియా
అన్న కోటు తొడుక్కుని, మీసం అంటించుకుని
ఓ కెప్టెన్ దగ్గర గుమాస్తాగా చేరుతుంది.
వాడికి లెక్కలు రావు. ప్రేమ అంతకన్నా రాదు.
కొండమీది ద్రాక్షతోట యజమానురాలికి
ఉత్తరాలు రాసిపెట్టమంటాడు.
గుమాస్తా రాస్తుంది, తన గుండెలోది వాడి సంతకం కింద.
ఆవిడేమో సంతకాన్ని వదిలేసి
ఉత్తరం తెచ్చిన మీసాన్ని ప్రేమిస్తుంది.
మూడో అంకంలో తోట, చీకటి.
ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో ఊరందరికీ తెలుసు,
పట్టుకున్నవాళ్ళకి తప్ప.

లవీనియా వేషం జోరాది.
మగ నడక రేవు కూలీల్ని చూసి నేర్చుకుంది.
కెప్టెన్ ఓతావియో.
మడమలరిగిన గోధుమరంగు బూట్లు,
పెద్ద గొంతు, చిల్లుపడ్డ జ్ఞాపకం.
ప్రతి రాత్రీ అదే చోట ఆగుతాడు:
“నీ మౌనం కూడా నాకు...”
“చదవడం వచ్చిన భాషే,” అంటాను కిందనుంచి.
ఎత్తుకుని జోరాకి ఇస్తాడు.
వేడిగానే ఉంటుంది, అప్పుడే నా నోట్లోంచి దిగింది కదా.
వండినవాళ్ళకి ఆకలి ఉండదంటారు.
అబద్ధం.

ఆ రాత్రి నిజంగానే దీపాలు పోయాయి.
గాలి ఎక్కడో తీగ తెంపింది.
రాసిపెట్టిన చీకటి మీద రాయని చీకటి పడింది.
జోరా మాట మింగేసింది.
నాటకం ఆగకూడదు, అంతే.
మేనేజరుకి ఇప్పటికీ అదే చెబుతున్నాను.
లవీనియా మాటలు నేనే పలికాను,
గుసగుసగా కాదు, అసలు గొంతుతో.
వాడకుండా దాచినందుకు అది ఇంకా కొత్తగానే ఉంది.

“ఈ కోటు నాది కాదు. ఈ పేరు నాది కాదు.
ఈ వణుకొక్కటే నాది.”

బూట్లు నావైపు మూడడుగులు వేశాయి.
చూడలేదు, విన్నాను.
చెక్క మీద ఓ మోకాలు ఆనింది.
“నీ మౌనం కూడా నాకు చదవడం వచ్చిన భాషే.”
తడబాటు లేదు.
నేను అందించలేదు.

చీకట్లోంచి ఓ చెయ్యి గుంటలోకి దిగింది,
పౌడరు, పొగాకు.
నా ముక్కుకి తగిలి, పై పెదవి దగ్గర ఆగింది.
రెండు ఊపిర్లసేపు.
“క్షమించు, జోరా,” అన్నాడు.

జోరాకి మీసం ఉంది.
నాకు లేదు.
ఆ తేడా వేళ్ళకి తెలిసే ఉండాలి.

దీపాలొచ్చేసరికి అతను లేచి నిలబడ్డాడు,
జోరా మీసం సగం ఊడి వేలాడుతోంది,
జనం కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు.
ఆఖరి అంకంలో అందరి వేషాలూ ఊడిపోయాయి.
కోటు తాలూకు అన్న వేళకి ఊడిపడి
ద్రాక్షతోటావిడకి సరిపోయాడు.
కొలత తీసినట్టు ఎవరికి ఎవరో సరిపోయారు.
గుంటకి ఆఖరి అంకం రాయలేదెవరూ.
ఇటుక చల్లారింది. పుస్తకం మూశాను.

మర్నాడు మళ్ళీ అదే చోటు.
“నీ మౌనం కూడా నాకు...”
ఆగాడు.

నేను పేజీ మీద వేలు పెట్టుకుని
ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను.
పైన ఎవరో దగ్గారు.
నాలుగు.
గోధుమరంగు బూటు కొన
జోరావైపు లేదు.