మూడు ఈలలు

మధ్యాహ్నం రెండింటికి గంట కొట్టారు. నలభై ఒక్కరం కదిలాం.
ఆరు కిలోమీటర్ల ఏడు వందల మీటర్లు.
గంటలోపు తిరిగి రావాలి.
వచ్చినవాళ్ళు మళ్ళీ గంట కొట్టగానే వెళ్ళాలి.
ఎన్నిసార్లు అని అడక్కూడదు.
ఒక్కరు మిగిలేదాకా.

గానుగెద్దు తిరిగితే నూనైనా దిగుతుంది, నీకేం దిగుతుందే
అంది మా తోడికోడలు ఇందుమతి.
అంటూనే మడతకుర్చీ వేసింది, ఫ్లాస్కు మూత బిగించింది,
ఉడికిన బంగాళాదుంపల మీద ఉప్పు చల్లింది.
తిరగడం నాకు కొత్త కాదు.
వారానికి ఐదు రోజులు ట్రామ్ నడుపుతాను,
ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి,
ఎక్కడికీ చేరకుండా అందర్నీ చేరుస్తూ.

వార్బర్టన్ దాటాక ఏటి ఒడ్డు. పేరు యర్రా,
నీళ్ళు మాత్రం డికాక్షన్ రంగు.
పైన జామాయిల్ చెట్లు.
మా రైలుకట్ట పక్కన వరసల్లో నిలబెట్టిన బక్కవాటిని చూశాను గానీ
ఇది వాటి పుట్టిల్లు,
ఇక్కడ నలుగురు చేతులు కలిపినా మొదలు అందదు.
చీకటి పడ్డాక
నుదుటి లైటు పడిన మేరే లోకం.

ఏడో చుట్టులో జలగ.
పదో చుట్టులో వాంబాట్,
దారి మధ్య పందిపిల్లంత నిబ్బరంగా కూచుని
ముందు నువ్వు తప్పుకో అన్నట్టు చూసింది.
తప్పుకున్నాను.
పన్నెండా, పదమూడా? మధ్యలో ఒకటి ఎక్కడో జారిపోయింది.

గంటకి మూడు నిమిషాల ముందు మూడు ఈలలు.
రెండు నిమిషాలకి రెండు. నిమిషానికి ఒకటి.
కుర్చీల్లోంచి కొందరు లేస్తారు.
కొందరు ఈల విననట్టు
బూటు లేసు విప్పుతూ ఉండిపోతారు.
మనిషిని మనిషి ఓడించడు ఇక్కడ. కుర్చీ ఓడిస్తుంది.

నాలుగింటికి ఐదుగురం. ఆరింటికి ఇద్దరం.
గ్లెనిస్, అరవై రెండేళ్ళు, ఆవుల డైరీ మనిషి.
ఈపాటికి ఇంట్లో పాలు పితుకుతుండేదాన్ని, అంది.
ఆ తర్వాత మైలు దూరం ఏమీ అనలేదు.
ఆమె దగ్గితే నేను గొంతు సవరించుకున్నాను.
జేబులో ఒకటే దుంప. చొక్కా అంచు కప్పి కొరికి
సగం ఇచ్చాను.
ఇదేంటంది. కాకెంగిలి అన్నాను.
ఎలా చెప్పను ఆమె భాషలో,
గుడ్డ అడ్డముంటే ఎంగిలి ఎంగిలి కాదని?

అప్పుడు తట్టింది ఈ ఆటలో మెలిక.
నేను ఆగితే ఆమెకి ఇంకొక్క చుట్టే.
నాకన్నా ఒక్కటంటే ఒక్కటి.
ఆమె కాళ్ళలో ఇంకా ముప్పై చుట్లున్నా సరే
నా మోకాలి దగ్గర ఆగిపోతాయి.

ఏడింటికి ముందు మూడు. రెండు. ఒకటి.
లేచాననుకున్నాను. నడుము లేవలేదు.
గ్లెనిస్ గీత మీద నిలబడి వెనక్కి చూసింది,
గెలవబోయే మనిషి చూపు కాదు,
చెడుగుడు బరిలో తనొక్కతే మిగిలిన పిల్ల చూపు.
రా, అన్నాయి పెదాలు.
తల అడ్డంగా ఊపాను.
గంట మోగింది.
ఒక్క లైటు చెట్లలోకి వెళ్ళింది.

పద్దులో నా పేరుకి ఎదురుగా
'పూర్తి చేయలేదు' అని రాశారు,
మిగతా ముప్పై తొమ్మిది మందికి రాసినట్టే.
ఇందుమతి నా కాళ్ళ కింద వేడినీళ్ళ బకెట్ పెట్టింది.
నూనె సంగతి ఎత్తలేదు.

కొండ అంచు తెల్లబడుతుండగా
అడవిలోంచి మూడు ఈలలు.
ఈలల మనిషి టీ తాగుతున్నాడు, ఈల మెడలోనే ఉంది.
లైర్‌బర్డ్, అన్నాడు. విన్నదల్లా పలుకుతుంది.
పోయినేడు పందెంలో పట్టేసింది మా ఈల.

మళ్ళీ పలికింది. మూడు.
బకెట్ ఒలికింది.
అప్పటికే నిలబడి ఉన్నాను.