తోక తొందర

కొరోవా అవతల, కనోలా చేల మధ్య గడ్డి రన్‌వే మీద
మూడు చక్రాలూ ఒక్కసారే నేలని తాకాయి.
చప్పుడు లేదు. ఎగిరిపడటం లేదు.
పద్నాలుగు గంటల శిక్షణలో
ఇంత మెత్తగా నేనెప్పుడూ దించలేదు.
ఆ ముచ్చటే కొంప ముంచింది.

వెనక సీట్లో గ్వెన్ హాల్‌రైడ్ ఏమీ అనలేదు.
ముప్పయ్యేళ్ళు పొలాల మీద మందు చల్లుతూ ఎగిరిన మనిషి,
మెచ్చుకోదు.
మెచ్చుకుంటే పాదాలు నిద్రపోతాయంటుంది.

ఎవరూ మెచ్చుకోకుండానే నావి నిద్రపోయాయి.

గాలి కూడా పెద్దదేం కాదు.
విండ్‌సాక్ సగం లేచి, మళ్ళీ వాలి, ఆవులిస్తోంది.
పడమటి నుంచి వచ్చి తోకని
వేలితో తోసినట్టు తోసింది, అంతే.
మూతి ఎడమకి జరిగింది. జానెడు.
జానెడే కదా అనుకున్నాను.

కుక్క తోకకి వంకర సహజమైతే
దీని తోకకి తొందర సహజం.
బరువంతా పెద్ద చక్రాల వెనక పెట్టుకుని
తలని దాటి తనే ముందు నడవాలని చూస్తుంది.
సూపర్‌మార్కెట్‌లో ట్రాలీని వెనక్కి తిప్పి తోసి చూడండి,
తెలుస్తుంది.

కుడికాలు తొక్కాను.
తొక్కేసరికి ఆ కాలి కింద ఉండాల్సిన క్షణం వెళ్ళిపోయింది.
చేలు పసుపు గీతలై గిర్రున తిరిగాయి.
హ్యాంగరు, నీళ్ళ ట్యాంకు, కంచె,
కుడి రెక్క కొస నేలని గీరుతూ
పాత దుప్పటి చింపినట్టు ఒక చప్పుడు.
తర్వాత దుమ్ము.
దుమ్ములో మేం, వచ్చిన వైపుకే మొహం పెట్టి.

మందుల షాపులో మాత్రలు ఐదైదుగా లెక్కపెట్టే ఈ చేయి
ఎంతసేపటికీ స్టిక్‌ని వదల్లేదు.
కంచె మీది గలా చిలకలు గోలగా లేచి
ఒక చుట్టు తిరిగి
లేచిన చోటే వాలాయి, ఏ తప్పూ లేకుండా.

గ్వెన్ ఇంజను ఆపమంది. దిగింది.
రెక్క కేసి చూడనైనా లేదు.
చక్రాల జాడ పట్టుకుని వెనక్కి నడిచింది, నన్ను పిలవకుండా.
నేనే వెంట వెళ్ళాను.

గడ్డి పెళ్ళగిల్లిన చోట ఆగుతుందనుకున్నాను.
ఆగలేదు.
జాడ వంగడం మొదలైన చోటా ఆగలేదు.
ఇంకా వెనక్కి, పురికొస లాగి కట్టినట్టు
జాడ తిన్నగా ఉన్న చోటికి వెళ్ళి
బూటుతో చూపించింది.

"ఇదిగో, ఇక్కడ సంతోషపడ్డావు."

నాకక్కడ ఏమీ కనిపించలేదు.
వంగి చూశాను.
నలిగిన గడ్డి అప్పటికే లేస్తోంది.