తొడిమలు

అయిదింటిలోపు జెనీవా ఆఫీసుకి
భాగస్వామి పేరు పంపాలి.
గుంటూరు మిర్చియార్డులో
ఆ కమీషన్ కొట్టు మెట్లెక్కేసరికి
పదకొండు తుమ్ములయ్యాయి నాకు,
ఫైలు చున్నీలో దాచుకున్నాను.

శేషగిరి గారు మజ్జిగ తెప్పించారు.
"పిల్లల పని, కాదంటానా అమ్మా?
బోర్డు మీద మాత్రం
మా నాయన పేరు పెద్దక్షరాల్లో పడాలి."
పది లక్షలు.
ఏడాదంతా నేనెక్కిన గడపలన్నీ కూడినా
రాని అంకె.

సంతకానికి నా పెన్ను ఇవ్వబోతూ
కిటికీలోంచి చూశాను.
టిక్కీల నీడన
కాయలకు తొడిమలు తీస్తోంది సలోమి.
నిరుడు మా కరపత్రం అట్ట మీద
పలక పట్టుకుని నవ్వింది ఆ పిల్లే.
ఆ నవ్వుకి ఎన్ని చెక్కులొచ్చాయో
నా దగ్గర లెక్కుంది.

గుర్తుపట్టింది.
చెయ్యెత్తబోయి, ఆగి,
మండే వేళ్లు లంగాకి తుడుచుకుని
అప్పుడు ఊపింది.

"ఎవరమ్మా?"
పెన్నుకి మూత పెట్టాను.
"మీ నాన్నగారి బోర్డు కింద
కూర్చోవలసిన పిల్లండీ."

ఆయన చెక్కు చింపలేదు,
పుస్తకం మూయనూ లేదు.
గ్లాసులో కరివేపాకు కేసి చూస్తున్నారు.
గుమాస్తా లేచి
ఘాటండీ అంటూ కిటికీ మూశాడు.

జెనీవాలో ఇంకా
పొద్దున పదే.