హాజరు పట్టీలో చంద్రుడు

బోర్డు మీద సముద్రం గీశాను,
పక్కన చంద్రుడు, నడుమ ఒక బాణం గుర్తు.
కిటికీ అవతల ఉప్పుకాలువ నుంచి
అసలుది వాసన కొడుతూనే ఉంది.

"పోటు రోజురోజుకీ యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది,
రాసుకోండి" అన్నాను.
వెనక బెంచీలో తుపాకుల అంకమ్మ రాసుకోలేదు.
"రెండు గడియలు టీచర్,
మా అవ్వ రెండు గడియలంటాది."

గడియంటే ఎంతో నాకు తెలియదు.
బీయస్సీ చదివాను, బీయిడీ చదివాను,
మా నాయన పంచాంగం చూడందే చెప్పులు తొడిగేవాడు కాదు,
అయినా తెలియదు.
స్టాఫ్ రూంలో తెలుగు మాస్టారిని అడిగితే
ఇరవై నాలుగు నిమిషాలన్నారు.
సుద్దముక్కతో అరచేతిలో గుణించుకున్నాను.
నలభై ఎనిమిది.

సాయంత్రం ఇసకపల్లి దాటి
యానాదుల కాలనీకి పోయాను.
మస్తానమ్మ అప్పుడే ఒడ్డెక్కింది, తొడల దాకా బురద,
తాటాకు బుట్ట ఇంకా పళ్ళ మధ్యే ఉంది.
నా నమస్కారానికి కళ్ళతో బదులిచ్చింది.

"పుస్తకంలో యాభై, మీ లెక్కలో నలభై ఎనిమిది.
ఆ రెండు నిమిషాలు ఏమయినట్టు అవ్వా?"
రొయ్యలు ఏరుతూనే అంది,
"అయ్యి ఏటిపాలు తల్లీ.
గాలి తిరిగితే ఒకటి, మొగ పూడితే ఒకటి.
అంతా మనమే ఎంచుకుంటే దానికేం మిగలాల?"

ఆ రాత్రి హాజరు పట్టీలు ముందేసుకున్నాను.
మూడేళ్ళవి.
అంకమ్మ, చెంగయ్య, చిన్న పోలయ్య,
వరసగా ఎర్ర సిరాతో గై, గై, గై.
పక్కన బియ్యం మిల్లు వాళ్ళిచ్చిన తిథుల క్యాలెండరు.
అమావాస్య, పాడ్యమి, విదియ: గై.
అష్టమికి ముగ్గురూ ఉన్నారు,
నవమికి నోట్సులు కూడా తెచ్చారు.
పున్నమికి మళ్ళీ గై.

మూడేళ్ళుగా నేను
నా చేతిరాతలోనే
ఆటుపోట్ల పట్టిక రాస్తూ వచ్చాను.
పైన పేరు మాత్రం వేరే పెట్టాను:
చదువు మీద శ్రద్ధ లేని పిల్లలు.

లెక్కల పీరియడ్లో ఆ గైర్హాజర్లనే
గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టించాను.
కలిపితే అల వచ్చింది.
సోషల్ మేడం కాలువకు నీలం రంగు వేయించింది,
చెంగయ్య దాని మీద రొయ్యల గుంటల కంచెలు నల్లగా గీసి
వాళ్ళ తాత వల భుజాన వేసుకుని వెనక్కి తిరిగిన చోట
ఒక చుక్క పెట్టాడు.
మేడం చాలాసేపు ఆ చుక్కనే చూసింది.

ఒకరోజు మస్తానమ్మను బడికి పిలిచాను.
కుర్చీ వేస్తే కూర్చోలేదు, గడప మీదే కూలబడింది.
వెన్నెల్లో ఎండ్రకాయ గుల్లబారతాదనీ
చీకట్లో కండ పడతాదనీ చెప్పింది.
కొంగుముడి విప్పి పాము మందు ఆకు చూపించింది.
పేరు చెప్పమన్నాను, పెన్ను పట్టుకుని.
"చెప్పను.
పేరు చెప్పించుకున్నోళ్ళెవురూ
మొక్కను మిగల్చలేదు."
ఆకును మళ్ళీ ముడేసుకుంది.
బోర్డు మీద ఆకు బొమ్మ వేసి
కింద 'టీచరుకు తెలియదు' అని రాశాను.
పిల్లలు శ్రద్ధగా ఎక్కించుకున్నారు.

తనిఖీకి వచ్చినాయన ఆ నోట్సు తిరగేసి
"ఇది ఏ అభ్యసన ఫలితం కిందికి వస్తుందమ్మా?" అన్నాడు.
వెతుకుతున్నాను సార్ అన్నాను.
నిజంగానే వెతికాను, ఆ గడి లేదు.

ఇవాళ అమావాస్య.
తొమ్మిదిన్నర, వెనక బెంచీ ఖాళీ.
ఈపాటికి ఆటు మొదలై
పర్ర మీద నీళ్ళు తీస్తుంటాయి,
అంకమ్మ బురదలో చేతులు పెట్టి ఉంటుంది.
పట్టీలో గడులు రెండు రకాలే,
ఉన్నట్టో, లేనట్టో.
పెన్ను మూత
పళ్ళ మధ్య కరిచి పట్టుకుని
ఆమె పేరు దగ్గర
ఆగాను.