చూడనట్టు

బాలరాట్‌లో జూలై, మంగళవారం రాత్రి.
లైబ్రరీ మేడమీద పాతిక కుర్చీలు,
తొమ్మిదిమందిమి, ఒక్క హీటరు.
పొంగే పాలమీద ఊదినట్టు
వేళ్ళమీద ఊదుకుని
డెస్మండ్ రీలెక్కించాడు.

బొమ్మ కిందికి జారింది.
ఇంగ్లీషు అక్షరాలు తెర దాటి
పెచ్చులూడిన గోడలో కలిసిపోయాయి.
లేచి సరిచేసే ఓపిక ఎవరికీ లేదు.
ముందువరసలోంచి కిమియే టావెనర్,
సైనికుణ్ణి కట్టుకుని ఎప్పుడో ఓడెక్కి వచ్చినామె,
తనే చెప్పడం మొదలుపెట్టింది.
"వానొస్తుందేమో అంటున్నాడు."
"రాదంటోంది ఆవిడ."

కెమెరా నేలమీదే కూర్చుంది,
పీట వేసుకున్న మా నాయనమ్మంత ఎత్తులో.
అక్కణ్ణించి మొహాలకన్నా ముందు
మడమలు కనబడతాయి.
అబద్ధమాడేవాడు
ఏ కాలిమీద బరువు మోపుతాడో తెలుస్తుంది.

కథ పెద్దగా లేదు.
సత్రం గుమ్మంలో ఒక గుమాస్తా
తనది కాని గొడుగు తీసుకుపోతాడు.
పనిపిల్ల చూస్తుంది.
గొడుగు పోయిన మందులవాడు తడిసి
అదే సత్రంలో జ్వరపడతాడు.
ఇక చూడాలి గుమాస్తా మంచితనం!
గంజి తెస్తాడు, దుప్పటి కప్పుతాడు,
రాత్రంతా నుదుటిమీద గుడ్డ మారుస్తాడు.
ధర్మాత్ముడంటారు ఊళ్ళోవాళ్ళు.
ఒకే పళ్ళెంలో ఇద్దరికీ టీ తెచ్చిన పిల్ల
కప్పు అటు తిప్పి పెడుతుంది,
విరిగిన అంచు గుమాస్తా వైపుకి.
అంతే. ఒక్క మాటా అనదు.

చివర్లో రోగి కళ్ళు తెరిచి
ఏదో అన్నాడు, చాలాసేపు.
గుమాస్తా చాపలో పుల్లలు లెక్కపెడుతున్నాడు.
కిమియే చెప్పలేదు.
"ఏమన్నాడు?" వెనకనుంచి డెస్మండ్.
"ఏముంది, వాన సంగతే" అంది.
వాన సంగతికి
అంత గొంతు పూడుకుపోతుందా?
ఎవరం అడగలేదు.

కిందికి దిగితే నిజంగానే వాన.
స్టాండులో నా నీలం గొడుగు లేదు.
ఒక నల్లది ఉంది, కర్రపిడి,
పిడికి పచ్చ ఊలుదారం:
పొరపాటున తీశానని
ఎవరూ అనలేకుండా కట్టుకున్న గుర్తు.
కారు వీధి చివరుంది.
మొన్ననే తగ్గిన దగ్గు,
తెల్లారి ఆరింటికి ల్యాబులో డ్యూటీ,
నా గొడుగు మాత్రం ఎవడో పట్టుకుపోలేదా?
న్యాయమంతా నా పక్షానే నిలబడి
నా చేతిని ముందుకి తోస్తోంది.

మెట్లమీద చప్పుడు.
రెయిలింగు పట్టుకుని కిమియే.
నా చేతిని చూసింది.
తలకి స్కార్ఫు కట్టుకుంటూ
వీధిలైటు కింద చినుకుల్ని చూసింది.
"పెద్ద వానేం కాదులే" అంది,
ఎవరితోనో తెలియదు.

పచ్చ ఊలు
వేలికి చుట్టుకుంది.